ఇరవై ఐదు వాట్ల గుబులు

సోల్డరింగ్ ఐరన్ ఎంత కరెంటు తింటుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇరవై ఐదు వాట్లు. నలభై గంటలు ఆపకుండా కాలితే ఒక్క యూనిట్. ఇంత లెక్క తెలిసిన మనిషిని, ఈ వేసవిలో నేను చేసిన పని తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒకచోట కుదురుగా కూర్చోలేను.

పటాన్‌చెరులో స్టెబిలైజర్లు చేసే చిన్న కంపెనీలో పదకొండేళ్లు పని చేశాను. బోర్డు మీద పార్టులు గుచ్చి, సన్నటి సీసం తీగను, మా మాటలో లెడ్‌ను, ఐరన్‌తో కరిగించి అతికించడం నా పని. కిందటేడు కంపెనీ ఎత్తేశారు. మా సూపర్‌వైజర్ సొంతంగా ఒక షెడ్డు పెట్టుకుని, చెయ్యి బాగున్న ముగ్గురికి ఇంటికే బోర్డులు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. మధ్యలో పని లేని రెండు నెలలూ నేను పడ్డ యాతన అంతా ఇంతా కాదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమేదాన్ని. "ఏందే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అనేది మా అత్తమ్మ. బోర్డుల సంచి ఇంటికొచ్చిన రోజు కడుపు నిండా అన్నం తిన్నాను.

అత్తమ్మది కొండాపూర్ వైపు పల్లె. వయసులో నాట్లకూ కలుపులకూ పోయిన మనిషి. మా కరెంటు మీటరు ఆమె పేరు మీదే ఉంది. నెలకు రెండు వందల యూనిట్లు దాటకపోతే జీరో బిల్లు, ఒక్కటి దాటినా మొత్తం కట్టాల్సిందే. రీడింగ్ తీసే ఆయన చీటీ చింపి చేతికిస్తే, అందులో సున్నా చూసుకుని ఆ రోజంతా హుషారుగా ఉండేది. సర్కారు తన మొహం చూసి మాఫీ చేసిందని ఆమె నమ్మకం.

ఏప్రిల్‌లో రెండు వందల తొమ్మిది యూనిట్లు వచ్చాయి.

మా ఆయన పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద నైట్ షిఫ్టు చేస్తాడు. పగలు పడుకోవాలి కాబట్టి ఆ నెలే కూలర్ కొన్నాం. అది పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఊపిరి తీసుకోదు. కానీ కొడుకు నిద్రకు ఏ తల్లి లెక్క కడుతుంది? అత్తమ్మ చూపు నా ఐరన్ మీద పడింది.

"సీసాన్ని నీళ్ల లెక్క కరగవెడ్తది. గది కరెంటు తినదంటే ఎట్ల నమ్మాలె?"

నేను లెక్క చెప్పాను. రోజుకు నాలుగు గంటలు, పది రోజులకు ఒక యూనిట్, నెలంతా కలిపితే మూడు. పైగా ఆ పని చేసేటప్పుడు ఫ్యాన్ వేయకూడదు, గాలికి ఐరన్ చల్లారుతుంది. ఫ్యాన్ దానికి మూడింతలు తింటుంది. అంటే నేను చెమటలు కక్కుతూ కూర్చున్నంతసేపూ ఇంటికి కరెంటు మిగులుతున్నట్టే. చాలా గొప్పగా చెప్పానని అనుకున్నాను. అత్తమ్మ అంతా విని, "ఫ్యాన్ గంత వేడి గాదు గద" అంది.

అంతే. అంతకు మించి ఆమె ఒక్క మాట అనలేదు. ఐరన్ ముట్టుకోలేదు, స్విచ్ దగ్గరికి కూడా రాలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను బయట చెప్పింది వేరు.

గుబులు పట్టుకుంది నాకే. మెట్ల కింద మీటరు ముందు నిలబడి ఎర్ర లైటు కొట్టుకోవడం చూసేదాన్ని. అన్నీ బంద్ చేసి ఐరన్ ఒక్కటే పెడితే తీరిగ్గా కొట్టుకునేది. కూలర్ వేస్తే గబగబా. కళ్లారా చూశాను, అయినా నమ్మకం కలగలేదు. మళ్లీ రెండు వందలు దాటితే ఆ పని ఇంట్లో వద్దంటారేమో, మళ్లీ ఆ గిన్నెల ముందుకే పోవాలేమో అని ఒకటే భయం. దాంతో నా చెయ్యి మాటిమాటికీ స్విచ్ మీదికి పోసాగింది. పార్టులు గుచ్చేటప్పుడు బంద్. గుచ్చాక ఆన్. ఐరన్ బాగా కాలేదాకా ఆగాలని తెలుసు. ఆగిన ప్రతి నిమిషం కరెంటు దండగ అనిపించేది. లెడ్ కరిగితే చాలని అంటించేసేదాన్ని.

లెడ్ కరగడం వేరు, పార్టు కాలును పట్టుకోవడం వేరు. పైకి అతికినట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. దాన్ని మేము డ్రై అంటాం. లైన్‌లోకి కొత్తగా వచ్చే ఆడవాళ్లకు డ్రై ఎలా ఉంటుందో అన్నేళ్లూ చూపించింది నేనే.

నలభై బోర్డులు వాపసు వచ్చాయి. సూపర్‌వైజర్ షెడ్డుకు పిలిపించి, ఒక బోర్డు తీసుకుని పార్టును వేలితో కదిలించాడు. వదులు పన్నులా ఊగింది.

"అక్కా, ఇవి నువ్వు చేసినయేనా?"

ఆయన కోప్పడి ఉంటే ఒప్పుకునేదాన్నేమో. కానీ ఆయన నిజంగానే నమ్మలేక అడుగుతున్నాడు. నా చేతి పని గురించి ఎవరూ అలా అడిగింది లేదు. పక్క బల్ల మీద వేరేవాళ్లకు కట్టిపెట్టిన సంచులున్నాయి. నా సంచి కూడా అటే పోతుందనిపించింది.

"మా అత్తమ్మ సార్. కరెంటు కాల్తదని ఊకె స్విచ్ బంద్ జేస్తది. నేను సూసుకోలే."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన నవ్వేసి, "ముసలోళ్లు గంతే అక్కా" అన్నాడు. ఆ నలభై సరిచేయమన్నాడు, కొత్తవి తానే తెచ్చిస్తానన్నాడు. నాకొచ్చిన సంతోషం బస్టాండు దాకా కూడా నిలవలేదు.

నాలుగు రోజుల తర్వాత కొత్త బోర్డుల సంచితో బండి మీద వచ్చాడు. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. సరిచేసిన బోర్డులు చేతిలో పెట్టి, మంచినీళ్లిచ్చి, ఆయన్ని ఎంత జల్దీ పంపిస్తే అంత మంచిదని తొందర పడుతున్నాను. బండి స్టార్ట్ చేయబోతూ ఆగాడు.

"అమ్మా, జెర కోడలు పని జేసేటప్పుడు స్విచ్ బంద్ జెయ్యకు. బోర్డులు ఖరాబైతున్నయ్, ఆమె మీదికి మాటొస్తది."

అత్తమ్మ చేతులు ఆగిపోయాయి. నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. 'నేనెప్పుడు జేసిన' అని ఆమె ఒక్క మాట అంటే చాలు, నా సంచి మళ్లీ ఆ బండెక్కేది. అనడానికి ఆమెకు అన్ని విధాలా హక్కుంది కూడా.

"తెల్వక జేసిన బిడ్డా," అంది ఆయనతో. "ఇగ జెయ్య."

బండి సందు మలుపు తిరిగేదాకా ఇద్దరం అటే చూశాం. "అత్తమ్మా" అన్నాను. సిగ్గుతో ఒళ్లంతా మండుతోంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె చింతపండు మళ్లీ ముందుకు లాక్కుంది.

"పని ఉన్నట్టేనా, పోయినట్టేనా?"

"ఉన్నది."

"గట్లయితే పోయి కూసో," అంది తలెత్తకుండానే. "అది మంచిగ కాలినంకనే చెయ్యి వెట్టు."