తూర్పు వైపు మెట్లు

మొన్న వానకి మా అమ్మాయి పుస్తకాల సంచి తడిసింది. తాడేపల్లిగూడెంలో మా ఇంటి వసారాలో నోటుపుస్తకాలు ఫ్యాను కింద పరిచాం. తడి కాగితం ఆరేటప్పుడు గంజి పెట్టిన బట్ట వాసన, పాత గోడ వాసన కలిసినట్టుగా ఉంటుంది. ఆ వాసన తగలగానే మనసు దానంతట అదే లెక్క మొదలుపెట్టింది. మూడు పొడుగు నోటుపుస్తకాలు. పన్నెండు గుళ్ళు. ఏడువందల పదహారు స్తంభాలు, వాటిలో నిలబడి ఉన్నవి తొంభై నాలుగు. తొమ్మిది కోనేర్లు. ఇద్దరు చంద్రులు. ఒక పక్కవి కాకుండా మెట్లు వెయ్యి ముప్పై తొమ్మిది. ఇవన్నీ ఒక్క పూట వరదలో పోయాయి. అన్నీ ఒకే మనిషివి. ఆవిడ పేరు కామేశ్వరమ్మ గారు.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళ వయసులో కైకలూరులో చేపల చెరువుల మీద పనికి కుదిరాను. చేపపిల్లలు దిగుమతి అయినప్పుడు ఒక గిన్నెడు లెక్కపెట్టి, ఆ తర్వాత గిన్నెలు మాత్రం లెక్కపెట్టి, చెరువులో ఎన్ని వదిలారో చెప్పడం నా పని. ఉండటానికి ఒక కిరాణా కొట్టు వెనక గది అద్దెకు దొరికింది. కొట్టు ఆయన అక్కగారే కామేశ్వరమ్మ గారు. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు పడిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. చేతికర్ర సాయంతో గదిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి గదిలోకి తిరిగేవారు.

నేను దిగిన మర్నాడు ఉదయం ఆవిడ పెరట్లో పీట మీద కూర్చుని, పీటను కొంచెం కొంచెం జరుపుకుంటూ ముగ్గు పెడుతున్నారు. మధ్య వరుస పదిహేను చుక్కలు. అటూ ఇటూ రెండేసి తగ్గుతూ ఒకటి వరకు. పళ్ళు తోముకుంటూ అలవాటు కొద్దీ లెక్కపెట్టి, నూట పదమూడు అన్నాను.

ఆవిడ తలెత్తి చూశారు. "ఒక్కొక్కటే లెక్కపెట్టారా?"

"అవునండీ."

"అంత కష్టమెందుకండీ? ఒక మూల ఇరవై ఎనిమిది. అలాంటివి నాలుగు. నడిమి చుక్క ఒకటి. అయిపోయింది."

నేను నోట్లో నురుగుతో అలాగే నిలబడిపోయాను. ఆవిడ పిండి దులుపుకుని, "ఇది ముగ్గు కాదులెండి. గుడి. చుక్కకో స్తంభం. ఇప్పుడు పద్నాలుగే మిగిలాయి" అన్నారు.

"ఎక్కడండీ ఈ గుడి?"

"మణివంకలో."

"అది ఏ మండలమండీ?"

ఆవిడ నవ్వి నవ్వి కర్ర కింద పడేసుకున్నారు. ఆ రోజు నుంచి నన్ను లెక్కలగారూ అని పిలవడం మొదలుపెట్టారు. నేను పిన్నిగారూ అనేవాణ్ణి.

మణివంక ఏ మండలంలోనూ లేదు. ఆవిడ తొమ్మిదేళ్ళ వయసులో జ్వరంతో మంచం మీద పడుకుని ఉన్నప్పుడు, ఎదురుగోడ మీద సున్నం పెచ్చులూడి విరిగిన గోపురాల్లా కనిపించిందట. వాటిని ఎవరు కట్టారో, ఎందుకు వదిలేశారో ఆలోచించుకుంటూ ఆ జ్వరం గడిపారు. జ్వరం తగ్గింది, కాలు పోయింది, ఆ దేశం మాత్రం ఉండిపోయింది. అక్కడ ఇద్దరు చంద్రులు. నాలుగో గుడికి పైకప్పు లేదు, ఎందుకంటే అక్కడి దేవుళ్ళు పక్షులు, ఏడాదికోసారి వచ్చి వాలి వెళ్ళిపోతాయి. ఏడో గుడిలో ఎవరి పేరైనా పిలిస్తే ఆ పిలుపు మరుసటి ఏడాది వినిపిస్తుంది. కట్టినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఎక్కడికో పిన్నిగారికి కూడా తెలియదు. ఆవిడకు తెలిసిందల్లా మిగిలిన రాళ్ళు. ప్రతి గుడినీ చుక్కల్లో వేసి, పడిన స్తంభానికి సున్నా, నిలిచినదానికి చుక్క పెట్టి, మూడు పొడుగు నోటుపుస్తకాల నిండా ఎక్కించుకున్నారు.

"మా అక్కయ్య లేని ఊళ్ళో గుళ్ళు కడుతుందండీ. ఇన్నాళ్ళూ మేస్త్రీ లేడు, ఇప్పుడు మీరు దొరికారు" అనేవారు వాళ్ళ తమ్ముడు, బెల్లం కొడుతూ.

"కట్టడం కాదురా, కూలినవాటిని చూసుకుంటున్నాను. కూలిపోయినదాన్ని కూడా ఒకరు చూసుకోవాలి కదా" అనేవారావిడ.

నాకు లెక్క అంటే ఏమిటో అక్కడే తెలిసింది. విరిగిన గుడిలో ఒక మూల మిగిలితే చాలు, మొత్తం ఎంత ఉండేదో చెప్పొచ్చు. చెరువులో ఒక వల లాగి మొత్తం చేప ఎంతుందో అంచనా కట్టేటప్పుడు ఇప్పటికీ నేను చేసేది అదే.

నాలుగేళ్ళ తర్వాత కొల్లేరు పొంగి వీధిలోకి నీళ్ళొచ్చాయి. పిన్నిగారిని కుర్చీతో సహా ఎత్తి నేనూ వాళ్ళ తమ్ముడూ ఎదురింటి డాబా మీదికి చేర్చాం. బియ్యం బస్తాలు చేర్చాం, పప్పు డబ్బాలు చేర్చాం. గోడ బీరువాలో అడుగు అరలో ఉన్న నోటుపుస్తకాలు ఎవరికీ గుర్తు రాలేదు. ఆవిడ అడగలేదు. బస్తాలు మోసేవాళ్ళను పుస్తకాల కోసం ఆపడం మర్యాద కాదనుకున్నారట. నీళ్ళు తీశాక తెరిస్తే మూడూ ముద్దయిపోయాయి. సిరా అంతా కరిగి కాగితం లేతనీలంగా మారింది.

"పోనీలెండి. అసలే కూలిపోయిన రాజ్యం. ఇప్పుడు మునిగింది కూడా" అన్నారు. కానీ మూడు రోజులు పెరట్లో ముగ్గు పడలేదు. నాలుగో రోజు నేను కాఫీ గ్లాసుతో వెళ్ళి కూర్చుంటే, నెమ్మదిగా అన్నారు. "నాకు పిల్లల్లేరు, ఆ దిగులూ లేదండీ. కానీ నేను పోతే ఆ గుళ్ళు అక్కడ ఉన్నాయని తెలిసినవాళ్ళు ఒక్కరూ ఉండరు."

"మీరు చెప్పండి పిన్నిగారూ, నేను రాస్తాను" అన్నాను.

కొత్త పుస్తకం కొన్నాను. ఆ పై వేసవంతా చెరువు పని కాగానే పెరట్లో కూర్చునేవాళ్ళం. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక మూల చెప్పేవారు, నేను మిగతా మూడు మూలలు పూరించేవాణ్ణి. పదకొండు గుళ్ళు అలా తిరిగొచ్చాయి. పన్నెండోది పెద్దది. ఉత్తరాన ముప్పై మూడు మెట్లు, దక్షిణాన ముప్పై మూడు, పడమట ముప్పై మూడు. తూర్పున కూడా ముప్పై మూడు వేసి నూట ముప్పై రెండు అని చదివాను.

"తూర్పు నేను చెప్పలేదు కదండీ."

"మూడు పక్కలా ఒకటే అయితే నాలుగోది వేరే ఎందుకుంటుందండీ?"

ఆవిడ కళ్ళు తెరిచి కర్రతో నేల మీద ఒక గీత గీశారు. తర్వాత చెప్పారు. "ఆ పక్క చిన్నప్పటినుంచీ ఖాళీయేనండీ. నేను ఎక్కిన మెట్లు మా వీధి గుమ్మం ముందు మూడు. మిగతా మెట్లన్నీ ఊహించినవే. ఒక్క పక్కైనా నిజంగా మనుషులు ఎక్కి అరగదీసిన మెట్లు ఉండాలని నా కోరిక."

కామవరపుకోట వైపు కొండ మీద పాత బౌద్ధ శిథిలాలు, పైకి వెళ్ళడానికి రాతి మెట్లు ఉన్నాయి. ఆ కార్తీకంలో కారు మాట్లాడి ఆవిడను తీసుకెళ్ళాను. కొండ కింద చెట్టు నీడలో కుర్చీ వేశాను. ఆవిడ పైకి చూస్తూ, "మెట్లు మొత్తం ఎన్నో, వాటిలో విరిగినవి ఎన్నో చూసి రండి" అన్నారు. పరీక్షకు వెళ్ళే పిల్లవాడిని పంపుతున్నట్టు నా కాలరు సర్దారు.

అరవై ఒకటో మెట్టు మీద ఉండగా ఫోను మోగింది. చెరువు నీటికి గాలి కలిపే ఏరేటరు ఆగిపోయింది, చేప నీటిపైకి తేలి నోళ్ళు తెరుస్తోందని. ఎవరిని పిలవాలో, ఏ ఫ్యూజు చూడాలో చెబుతూ ఎక్కాను. ఫోను పెట్టేసరికి పైనున్నాను. దిగేటప్పుడు లెక్కపెడదామనుకున్నాను. దిగేటప్పుడు మళ్ళీ మోగింది.

కింద ఆవిడ ముఖం చూశాక తెలియదని చెప్పలేకపోయాను. "రెండువందల పద్నాలుగండీ" అన్నాను.

"విరిగినవి?"

నేను తల దించి ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాను. ఆవిడ నన్ను చూశారు. కోపం లేదు. తప్పు చేసిన పిల్లలకు ముందు అన్నం పెట్టే తల్లుల చూపు అది. సంచీలోంచి పులిహోర డబ్బా తీసి నా చేతిలో పెట్టారు.

"ఆ పక్క ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి లెక్కలగారూ. తెలియనిచోట ఖాళీ ఉంచితే గుడికి ఏమీ కాదు. ఈసారి వచ్చినప్పుడు చూసి చెబుదురు గాని."

దారి పొడుగునా పైన ఏం చూశానో అడిగి చెప్పించుకున్నారు. రాతిని తొలిచిన గది గురించి చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నారు. మెట్ల మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

పై వారం వెళదామనుకున్నాను. చెరువుల్లో చేపల పట్టుబడులు వచ్చాయి. తర్వాత చేపపిల్లలు దింపే కాలం వచ్చింది. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి పడుకున్న పిన్నిగారు మళ్ళీ లేవలేదు. పన్నెండో రోజు అయ్యాక నేను ఒక్కణ్ణే ఆ కొండకు వెళ్ళాను. మెట్లు బాగు చేస్తున్నారు. పాత రాళ్ళు కొన్ని తీసేశారు, కొన్నిటి మీద కొత్త సిమెంటు పడింది. ఏవి పాతవో పనివాళ్ళను అడిగితే, "అన్నీ కలిసిపోయాయండీ" అన్నారు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. చెరువుల వాళ్ళు లెక్క అడిగితే, వల సరిగా పడని రోజున తెలియదనే చెబుతాను. అందుకు కొందరు నన్ను పిలవడం మానేశారు, కొందరు నన్ను తప్ప పిలవరు. మా అమ్మాయి పుస్తకాలు ఆరాక, బీరువా పై అరలోంచి పిన్నిగారి పుస్తకం దించి చూపించాను. తను పన్నెండో గుడి దగ్గర ఆగి, "నాన్నా, ఇక్కడ రాయడం మర్చిపోయావా?" అంది.

మర్చిపోలేదని చెప్పి పెన్సిలు తీసుకున్నాను. ఆ ఖాళీలో మొదటిసారి ఒక అంకె వేశాను. తూర్పు: అరవై ఒకటి. అంతవరకు నేను ఒట్టేసి చెప్పగలను. దాని పక్కన కూడిక గుర్తు పెట్టి, ఆ తర్వాతి చోటు వదిలేశాను. అది నేను పిన్నిగారికి ఇంకా చెప్పాలి.