నాన్నగారి చెవీ, నా కారూ

ఎనభైల మొదట్లో నేను అమలాపురంలో ఫిజిక్సు పాఠాలు చెప్పేవాణ్ణి. మేముండేది మాత్రం గోదావరి పాయకి అవతలున్న పల్లెలో. పాత నల్ల కారొకటి కొన్నాను, అవసరమై కాదు, పంతానికి. మా నాన్నగారు ఘనాపాఠి. వేదం మధ్యలో వదిలేసి ఇంగ్లీషు చదువుకి పోయానని ఆయనకి నా మీద కోపం. కోపమంటే తిట్టడం కాదు, మాట్లాడకపోవడం. అమ్మ ఎప్పుడో పోయింది. ఇంట్లో ఉన్న ఇద్దరం మగవాళ్ళమూ నెలల తరబడి పలకరించుకోకుండా గడిపేసేవాళ్ళం. ఆయన్ని ఒక్కసారి నా కార్లో కూర్చోబెట్టుకోవాలని నా కోరిక. కొని ఏడాదైనా ఆయన దాని తలుపైనా ముట్టుకోలేదు.

ఆ ఆషాఢంలో ముసురు పట్టి కారు మొరాయించింది. స్టార్టయ్యేది గాని, నిలబడ్డచోటే చలిజ్వరం వచ్చినట్టు వణికేది. గేరు వేస్తే దగ్గి ఆగిపోయేది. బస్సెక్కి వెళ్ళి మెకానిక్కుని తెచ్చుకోవచ్చు. కానీ ఫిజిక్సు చెప్పేవాణ్ణి, ఆ మాత్రం చేసుకోలేనా అని నా అహం.

మధ్యాహ్నం మూడింటికి వాకిట్లో బానెట్ ఎత్తాను. అప్పటికే మసకమసగ్గా ఉంది. సముద్రం వైపు నుంచి తడి గాలి వీస్తోంది, కొబ్బరిచెట్ల మీద ఒక్క కాకైనా అరవడం లేదు. ఇంజన్లో పెట్రోలుని వెలిగించే నాలుగు ప్లగ్గుల్లో చచ్చినది ఏదో కనిపెట్టడానికి ఒక పద్ధతుంది. ఇంజను నడుస్తుండగానే తీగల్ని ఒక్కొక్కటే మందపాటి పొడిగుడ్డతో పట్టుకుని లాగాలి. బాగున్నదాని తీగ లాగితే చప్పుడు ఇంకా పాడవుతుంది. చచ్చినదాని తీగ లాగితే ఏ తేడా ఉండదు. మొదటిది లాగి పెట్టాను, రెండోది లాగి పెట్టాను. ఆ వణుకులో నాకు రెండూ ఒకలాగే వినిపించాయి.

"ఆ రెండూ పలికేయిరా. తరవాతది చూడు."

మూడు నెలల్లో నాన్నగారు నాతో అన్న మొదటి మాట అది. వెనక్కి తిరిగి ఆయన గది కిటికీలోంచి తొంగి చూశాను. లోపల దీపం లేదు. పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నారు, చూపుడువేలు కుర్చీచేతి మీద మెల్లగా కొడుతోంది. ఒకప్పుడు అరుగు మీద పదిమంది శిష్యులు ఒక్కసారే వల్లిస్తుంటే, పెరట్లో నూతి దగ్గర స్నానం చేస్తూ ఎవడు స్వరం తప్పాడో చెప్పేవారాయన. మూడో తీగ లాగాను. అదే మూగదని లోపల్నుంచే తేల్చేశారు.

ప్లగ్గు విప్పితే నల్లగా మసి పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, సందు సరిచేసి, తీగ తడి తుడిచి బిగించాను. ఇంజను తిన్నగా అందుకుంది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి కారు ముందురెక్క మీద పెడితే తొణకలేదు. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"ఇంకా ఒకటి తప్పుతోంది," అన్నారు.

సరేనని నాలుగూ విప్పి శుభ్రం చేశాను. వాటి మూతలు తుడిచాను, కరెంటు అందించే పాయింట్లు రుద్దాను. మళ్ళీ అదే మాట. నాకు ఎంత చెవి పెట్టి విన్నా తప్పు దొరకలేదు. ఆ మాట మూడోసారి వినేసరికి ఒళ్ళు మండింది. నా చదువుని మెచ్చుకోవలసి వస్తుందని ఇలా సాధిస్తున్నారనుకున్నాను. ఇంజను బాగానే ఉంది, మీ చెవే పాడయిందని నోరు జారాను. ఆయన్ని ఆ మాటన్నవాడు ఊళ్ళో లేడు. కోప్పడతారనుకుంటే, అయుంటుందిలే అని ఊరుకున్నారు. నాకు భయం మొదలైంది అప్పుడే.

తాళం తిప్పి ఇంజను ఆపేశాను. వాకిలంతా ఒక్కసారిగా సద్దు మణిగింది.

"ఇదిగో, మళ్ళీ తప్పింది," అన్నారు లోపల్నుంచి.

"నాన్నగారండీ, ఇంజను ఆపేసేనండి."

కిటికీలోంచి చూశాను. వేలు మాత్రం కొడుతూనే ఉంది. లోపలికి పరిగెత్తాను. మొహమంతా చెమట, చేతులు చల్లగా ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీకి చెవి ఆనించాను. ఆయన్ని అంత దగ్గరగా ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. రెండు దెబ్బలు వినిపించాయి. తరవాత ఏమీ లేదు. నేను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. ఆ తరవాత ఒక దెబ్బ పడింది. తన గుండె తప్పుతున్న చప్పుడు ఆయనకి మధ్యాహ్నం నుంచీ వినిపిస్తూనే ఉంది, నాకు చెబుతూనే ఉన్నారు. నేను గంటన్నరసేపు ప్లగ్గులు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

ఎత్తుకుని తెచ్చి నా పక్క సీట్లో కూర్చోబెట్టాను. నా కారెక్కడం ఆయనకి అదే మొదలు. గోదావరి పాయ దాటించే గన్నవరం అక్విడెక్టు మీదకి వచ్చాక, కళ్ళు తెరవకుండానే అన్నారు.

"నీ బండిలో తప్పు లేదురా. నాలుగూ పలుకుతున్నాయి."

ఆయన వేలు మోకాలి మీద కొడుతోంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులు పెరుగుతున్నాయి. అంబాజీపేట దాటాక అది కదలడం ఆగిపోయింది. చూడకూడదనుకుని రోడ్డు వంకే చూస్తూ నడిపాను. అమలాపురంలో ఆసుపత్రి ముందు నిలబెట్టేసరికి కాంపౌండరు పరిగెత్తుకొచ్చి స్టెతస్కోపు ఆనించి, ఈ చప్పుడులో గుండె వినిపించడం లేదు, బండి ఆపండని కసిరాడు. నా చెయ్యి తాళం మీదే ఉంది. ఆపితే ఇంకేమీ వినిపించదని నాకు తెలుసు.