కుండీ కింద జానెడు గచ్చు

ఒక పూలకుండీ బరువును పదకొండేళ్ళుగా మోస్తున్నాను. మట్టితో సహా తూచినా అది ముప్పై కిలోలు మించదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర చాలాసార్లు మొదలుపెట్టి, మాట మార్చేశాను.

నేను యంత్రాల చదువు చదివినవాణ్ణి. అప్పట్లో మస్కట్‌లో భవనాల నిర్వహణ చూసే ఉద్యోగం. నన్ను పెంచిన మేనత్త ఇల్లు కొత్తపేట దగ్గర ఒక ఊళ్ళో ఉంది. ఆ ఇంటి వాకిట్లో సిమెంటు గచ్చు వేసినవారు సుందర్రావు మేస్త్రి. వర్షాకాలంలో పాచి మీద అత్త ఒకసారి జారిపడిందని ఆయన మామూలు గచ్చు వేయలేదు. పైన సిమెంటు పాలు పోసి నునుపు చేశాక, అది గట్టిపడేలోపు కొబ్బరిచిప్ప బోర్లించి అంచుతో అదుముతూ, వాకిలంతా వలయాలు వేశారు. కాలికి పట్టు దొరకడానికి. ప్రతి ఉదయం అత్త ఆ వలయాలనే చుక్కలుగా తీసుకుని ముగ్గు పెట్టేది. ఒక అవసరాన్ని అంత అందంగా తీర్చిన పనిని నేను తర్వాత ఎక్కడా చూడలేదు.

పాచిని కొబ్బరిపీచుతో తోమి తోమి అత్త నడుం పట్టేసేది. అందుకని సెలవుకు వస్తూ, ఒత్తిడితో నీళ్ళు చిమ్మే మిషను ఒకటి తెచ్చాను. ప్రేమతోనే తెచ్చాను. ఇది సాకు కాదు. జరిగినది జరిగినట్టు చెప్పాలని.

ఆ మిషనుతో నేలను ఎలా కడగాలో నాకు బాగా తెలుసు. ముందు ఎవరికీ కనబడని మూల కొంచెం మేర కడిగి చూడాలి. నీటిని విసనకర్రలా పరిచే వెడల్పు నాజిల్ బిగించాలి. నేలకు అడుగు దూరంలో, ఏటవాలుగా పట్టుకుని, చెయ్యి ఒకచోట ఆపకుండా కదపాలి. నా కింద పనిచేసేవారికి ఇవన్నీ నేనే నేర్పేవాణ్ణి. ఆ రోజు ఒక్కటీ పాటించలేదు. సూదిలా ధార వచ్చే నాజిల్ బిగించి, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున పట్టుకున్నాను. ఎందుకు? అత్త అరుగు మీద కూర్చుని చూస్తోంది. నల్లటి పాచిలో తెల్లటి చార పడినప్పుడల్లా "ఓరి నీ అసాధ్యం కూలా!" అని మురిసిపోతోంది. ఆ మురిపెం ఇంకొంచెం కావాలనిపించింది. నలభై ఏళ్ళ మనిషికి అదేం ఆశ?

గచ్చు ఆరాక తెలిసింది, ఆ తెలుపు శుభ్రం కాదని. పైపొర లేచిపోయి ఇసుక బయటపడింది. అరచేత్తో రాస్తే రేణువులు అంటుకొచ్చాయి. గుమ్మం ముందు రెండు గజాల మేర వలయాలు చెరిగిపోయాయి.

మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా, ముందే చేయవలసిన పరీక్షను అప్పుడు చేశాను. గోడ వారగా, పూలకుండీ పక్కన పాచి పట్టినచోట, వెడల్పు నాజిల్‌తో అడుగు దూరం నుంచి జానెడు మేర కడిగాను. పాచి పోయింది. పొర చెక్కుచెదరలేదు. కొబ్బరిచిప్ప వలయం నిన్న వేసినట్టు నిలిచింది. గచ్చులో లోపం లేదు. లోపం నా చేతిలో ఉంది. ఇంత స్పష్టమైన రుజువు నా ఉద్యోగంలోనే చూడలేదు. కుండీని దాని మీదికి జరిపేశాను.

అత్త లేచి వచ్చి "ఇదేంట్రా ఇలా లేచిపోయింది?" అంది. నా జవాబు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కలిపినదాంట్లో సిమెంటు తగ్గిందత్తా. లేకపోతే నీళ్ళకి గచ్చు లేస్తుందా?"

మర్నాడు మేస్త్రిగారికి కబురు వెళ్ళింది.

"ఏమండీ మేస్త్రిగారూ, నా గచ్చులో సిమెంటు కలిపేరా, ముగ్గుపిండి కలిపేరా? మావాడు ఇంజనీరండీ, చూడగానే చెప్పేశాడు."

"ఆయ్, చూడనివ్వండమ్మగారూ," అంటూ ఆయన గొంతుక్కూర్చున్నారు. ఒక చారను మొదటి నుంచి చివరిదాకా బొటనవేలితో తడిమారు. సిమెంటు తగ్గిన గచ్చు ఎక్కడపడితే అక్కడ రాలుతుంది. ఇలా గీత గీసినట్టు లేవదు. తర్వాత, కుండీ జరిపిన జాడ ఆయన కంట పడింది. వెళ్ళి కుండీని కొంచెం వాల్చారు. కింద చూశారు. నన్ను చూశారు. కుండీని మెల్లగా మళ్ళీ నిలబెట్టారు.

"మిషనీ బాగా పనిచేసిందాండీ, బాబూ?"

"ఆయ్," అన్నాను.

ఆయన అత్త వైపు తిరిగారు. "పొరపాటు నాదేనండమ్మగారూ. ఇసకలో మట్టి కలిసినట్టుంది. మళ్ళీ వేసేస్తాను."

ఎందుకు కాచారు నన్ను? అత్త ముందు నా పరువు పోకూడదనా? చదువుకున్నవాడి మాట ముందు తన మాట నిలవదనా? మొదటిదైతే అది ఆయన మంచితనం. రెండోదైతే నా తప్పు నేననుకున్నదానికంటే పెద్దది. పాడైన మేర తవ్వి కొత్త గచ్చు వేశారు, వలయాలతో సహా. కుండీ జోలికి మాత్రం పోలేదు.

అత్త నోట పడ్డ మాట ఊరంతా తిరిగింది. ఆయన ప్రతి ఆదివారం వెళ్ళే చర్చికి అక్కడి పెద్దలు ఆ ఏడు ఆవరణంతా గచ్చు వేయించారు. ఆ పని తనకే వస్తుందని, ముసలివాళ్ళు నడిచే దారిలో వలయాలు దగ్గర దగ్గరగా వేస్తానని ఆయన అంతకుముందు అత్తతో ఎంతో ఇష్టంగా చెప్పుకున్నారు. "సిమెంటు తగ్గిస్తాడట" అని దాన్ని వేరొకరికిచ్చారు. ఆ మాట నాది. ఆ తర్వాత ఆయన గోడలే కట్టారు. ఎవరి వాకిట్లోనూ గచ్చు వేయగా నేను చూడలేదు. ఇప్పుడు చేతులు వణికి తాపీ పట్టడం లేదు. సంతలో ఎదురైతే "మిషనీ కులాసాయేనాండీ?" అని నవ్వుతారు. అందులో ఎత్తిపొడుపు కోసం ఇన్నేళ్ళూ వెతికాను. ఉంటే బాగుండును. లేదు.

నిన్న అత్త ఇంటికి వెళ్ళి కుండీ తీశాను. వలయం మీద వేలు తిప్పాను. ఒక్క రేణువు రాలలేదు. ఆనాడు నేను చెప్పవలసింది ఇదీ: సుందర్రావు మేస్త్రి వేసిన గచ్చులో సిమెంటు తగ్గలేదు. ఇసుకలో మట్టి లేదు. తగని నాజిల్‌తో, తగని దూరం నుంచి దాన్ని చెరిపింది నేను. ఆయన పేరును చెరిపిందీ నేనే.

ఆయన్ను క్షమాపణ అడిగితే అడగడమే తడవుగా క్షమించేస్తారు. అందుకే ముందు ఆయన దగ్గరికి వెళ్ళలేను. ఆయన పేరు చెడింది చర్చి పెద్దల దగ్గర. మొదట చెప్పవలసింది అక్కడ, ఈ ఆదివారం.

"కుండీ ఎందుకు తీసేవురా?" అని అరుగు మీంచి అత్త అడిగింది. అంతా చెప్పాను. ఆవిడ ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. వచ్చేముందు కుండీని మళ్ళీ ఆ వలయం మీదికి జరపబోతే మాత్రం, చేతికర్ర అడ్డం పెట్టింది.