పైనున్నాయన బేరం

మొన్న శనివారం నేనొక పిస్తోలు కొన్నాను. కంగారు పడకండి, అది పేలదు! గొట్టం మూసేశారు, సర్టిఫికెట్ ఉంది, గార్డ్స్ దగ్గర, అంటే ఈ ఐర్లండ్ పోలీసుల దగ్గర, అనుమతి కూడా ముందే తీసుకున్నా. పిస్తోలుతో ఎవరికీ ప్రమాదం లేదు. ప్రమాదమంతా నా నోటితోనే వచ్చింది. ధర నేనే చెప్పి, నేనే పెంచుకుంటూ పోయి, నేనే కట్టి వచ్చాను. అవతలివాళ్ళు ఒక్క యూరో ఎక్కువ అడిగితే ఒట్టు!

ఏం జరిగిందంటే, మా ఆఫీసులో ఒకావిడ వాళ్ళ పిన్ని దగ్గర మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మన్ ఆర్మీ పిస్తోలు ఉందనీ, అమ్మేస్తుందనీ చెప్పింది. నాకు ఇలాంటి పాత వస్తువుల పిచ్చి. రాత్రీ పగలూ వీడియోలు చూసి ఎక్స్‌పర్ట్‌ని అయిపోయానని నా నమ్మకం. మా ఆవిడ సుజాత మాత్రం "బెండకాయ ముదురో లేతో చూసుకోలేరు, పిస్తోలు ఒరిజినలో కాదో చూస్తారా?" అంది. అని, కారెక్కి కూర్చుంది.

నేవన్ ఊరు దాటాక పొగమంచు. మధ్యాహ్నమే లైట్లు వేసుకుని నడపాల్సి వచ్చింది. రెండు పక్కలా పొదలు కారుని రాసుకుంటున్నాయి. చివర్లో ఒంటరిగా ఒక బూడిదరంగు ఇల్లు. నేను బెల్ మీద వేలు పెట్టకముందే తలుపు తెరుచుకుంది.

"మీరేనా? రండి, రండి." బ్రిడీ అనే ఆ పెద్దావిడ సన్నగా, తెల్లగా, చప్పుడు లేకుండా నడుస్తోంది. లోపల బయటకంటే చలి. ముందుగదిలో ఒక పెద్ద కుర్చీ, మెత్త మీద మనిషి కూర్చున్న గుంట అలాగే ఉంది. నేను అందులో కూర్చోబోయాను.

"అక్కడ వద్దు బాబూ. అది హిమ్‌సెల్ఫ్‌ది."

ఇక్కడి పెద్దావిడలు మొగుణ్ణి పేరుపెట్టి పిలవరు, మన అమ్మమ్మలు 'ఆయన' అన్నట్టు హిమ్‌సెల్ఫ్ అంటారు. అది నాకు తెలుసు. లేచి నిలబడి, "సారు ఇంట్లో లేరా?" అన్నాను.

ఆవిడ కళ్ళు పైకెత్తి, "హిమ్‌సెల్ఫ్ ఈజ్ అబౌ, గాడ్ లవ్ హిమ్" అంది. "మూడేళ్ళయింది."

అబౌ అంటే పైన. మన భాషలో మనిషి పైకెళ్ళాడంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? దానికి తోడు గోడ మీద ఆయన ఫొటో, పక్కనే దేవుడి పటం, రెండింటి ముందూ ఎర్రగా వెలుగుతున్న చిన్న దీపం. దండ ఒక్కటే తక్కువ. సుజాత అప్పటికే చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

"చాలా బాధగా ఉందండీ," అన్నాను. "ఇప్పుడాయన బెటర్ ప్లేస్‌లో ఉన్నారు."

"నిజమే. అక్కడ ఎండ బాగా పడుతుంది," అంది ఆవిడ.

ఎంత నిబ్బరం! అనుకున్నాను.

పిస్తోలు టేబుల్ మీద పెట్టింది. చేతిలోకి తీసుకుంటే మంచుగడ్డలా ఉంది. ఎవరెవరి చేతుల్లో తిరిగిందో! ఆ ఆలోచన పక్కన పెట్టి టార్చి తీశాను. ఇలాంటివాటిలో ప్రతి ముక్క మీదా నంబరు కొట్టి ఉంటుంది. అన్నీ కలిస్తే ఒరిజినల్, కలవకపోతే అతుకులబొంత. చట్రం మీది నంబరు, పైభాగం మీది నంబరు కలిశాయి. పిడికి రెండు పక్కలా ఉన్న చెక్కలు మాత్రం కొత్తగా కనిపించాయి. వెనక నంబరే లేదు.

"మీకెంత న్యాయమనిపిస్తే అంత చెప్పండి," అంది బ్రిడీ.

నేను గొంతు సవరించుకుని, "చెక్కలు ఒరిజినల్ కాదండీ. అందుకని ఆరొందల యూరోలు..."

ధన్! ధన్! ధన్!

సరిగ్గా మా నెత్తి మీద. దీపం వణికింది. సీలింగ్ నుంచి కాస్త సున్నం రాలి పిస్తోలు మీద పడింది.

బ్రిడీ తల కూడా ఎత్తలేదు. "పట్టించుకోకండి. ఆయనే. ఈ వేళకి రోజూ ఇంతే."

సుజాత నా చొక్కా పట్టుకుంది. "ఏమండీ, ఆయన వింటున్నాడండీ!"

"ఎవరే?"

"ఆయనే! పైనున్నాయన!"

మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అయినా మగాణ్ణి కదా, నవ్వు తెచ్చుకుని, "చెక్కలు పోనీలెండి, ఏడొందలు. కానీ ఈ నలుపు కూడా తర్వాతెప్పుడో వేసినట్టుంది, అక్షరాల అంచులు అరిగి..."

ధన్! ధన్! ధన్! ఈసారి ఇంకా గట్టిగా.

"ఇవాళ మరీ మొండిగా ఉన్నాడు," అంది ఆవిడ. "పిలిచినప్పుడల్లా వెళ్తే ఇక అలవాటైపోతుంది."

"మూసుకుని ఒరిజినలని చెప్పండి!" అని సుజాత పళ్ళ మధ్య నుంచి తెలుగులో కసిరింది.

"ఒరిజినల్!" అన్నాను. "నలుపు కూడా ఒరిజినలే! ఎనిమిదొందలు!"

ధన్!

"తొమ్మిదొందల యాభై!"

నిశ్శబ్దం. నేను ఊపిరి వదిలాను. బ్రిడీ నన్ను వింతగా చూస్తోంది. పాపం, ఆవిడ ఆరొందలకే సరే అనబోయిందట. నేను ఆగితేగా!

అప్పుడు మొదలైంది గుయ్ఁమని ఒక చప్పుడు, సన్నగా, పైనుంచి. మెల్లగా కిందికి వస్తోంది. గదికీ మెట్లకీ మధ్య అద్దాల తలుపు. దాని వెనక ముందు రెండు స్లిప్పర్లు కనిపించాయి. తర్వాత పైజామా కాళ్ళు. కాళ్ళు మెట్ల మీద లేవు! గాల్లో ఉన్నాయి! గాల్లోనే దిగుతున్నాయి! పాదాలు వెనక్కి తిరిగున్నాయా అని కూడా చూశాను, పక్కకి తిరిగున్నాయి. ఆ రకం దయ్యం గురించి మా ఊళ్ళో ఎవరూ చెప్పలేదు! సుజాత ఆంజనేయ దండకం మొదలుపెట్టింది. నేను పిస్తోలు ఎత్తి గురిపెట్టాను. పేలని పిస్తోలు, చచ్చిపోయిన మనిషికి!

చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఫొటోలో ఉన్న మనిషే, మెట్ల పక్కన పట్టా మీద కరెంటుతో జారే స్టెయిర్‌లిఫ్ట్ కుర్చీలో, బెల్టు పెట్టుకుని, ఒళ్ళో చేతికర్రతో.

"బ్రిడీ, గంట నుంచి నేల పగలగొడుతున్నా. టీ ఏదే?" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. "ఈయన నన్ను కాలుస్తాడా?"

చెయ్యి దించాను. వెళ్ళి ఆయన కుర్చీలోనే కూలబడ్డాను. ఈసారి ఎవరూ వద్దనలేదు. తుంటి ఎముక విరిగాక ఆయన మకాం ఎండ బాగా పడే మేడ మీద గదిలోకి మారిందట. అదీ మూడేళ్ళ సంగతి.

"తొమ్మిదొందల యాభై ఇస్తానన్నాడు," అంది బ్రిడీ, ఇంకా నమ్మలేనట్టు.

పెద్దాయన పకపకా నవ్వాడు. "దీనికా? ఆ చెక్కలు నేనే పాత మంచం కోడు కోసి చేశాను. నలుపు కూడా నేనే వేశా. ఆరొందలే ఎక్కువ బాబూ. ఎందుకంత పెంచావు?"

ఎందుకు పెంచానో చెబితే మూడొందల యాభై మిగులుతుంది. మొహం మీద చెప్పాలి, ఏమని? అయ్యా, మీరు చచ్చిపోయారనుకున్నాను, మీ ఆవిడకి సంతాపం కూడా చెప్పాను, మీ ఆత్మకి కోపం వచ్చిందని ధర పెంచాను అనా? ఆయనేమో టీలోకని నా వైపు బిస్కెట్ల డబ్బా జరుపుతున్నాడు.

"చెక్క చాలా బాగుందండీ," అని డబ్బు కట్టేశాను.

కారు పొగమంచులోకి తిరిగాక సుజాత నా భుజం తట్టింది. "పోనీలెండి. మనిషి బతికున్నాడు, అదే పదివేలు."

"పదివేలు కాదే, తొమ్మిదొందల యాభై," అన్నాను. "అదీ మంచం కోడుకి!"