మాత్రలు ఆగాక మా కోడలి కోపం

దసరా ముందు రోజులవి. రాజాంలో మా కోడలు లావణ్య పనిచేసే బట్టల షాపులో కాలు పెట్టే సందు ఉండదు. అలాంటి రద్దీ రోజున మధ్యాహ్నం కాకుండానే ఇంటికి వచ్చేసింది. చెప్పులు కూడా విడవకుండా బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఎంతకీ రాకపోతే వెళ్ళి తలుపు కొట్టాను.

“అత్తా, నెత్తురు పడతన్నాది,” అంది లోపలి నుంచి.

మొలలు అనుకున్నాం. వీధిలో డాక్టరు దగ్గర మందులు వాడాం, మజ్జిగ తాగించాం, కారం మాన్పించాం. నెత్తురు ఆగలేదు. రోజంతా బాత్రూమ్‌కి తిరగడమే పనైపోయింది. కడుపు మెలిపెట్టినప్పుడు నేల మీద ముడుచుకుని పళ్ళు బిగించేది. నెల తిరిగేసరికి జాకెట్లన్నీ వదులైపోయాయి. మా అబ్బాయి శ్రీను విజయనగరంలో పెద్ద డాక్టరుకి చూపించాడు. గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేశారు.

“అల్సరేటివ్ కొలైటిస్ అమ్మా,” అన్నారు డాక్టరు. “పెద్దపేగు లోపలి పొరంతా వాచి పుండ్లు పడ్డాయి. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాలి. ముందు ఆ మంట చల్లారాలి. స్టెరాయిడ్ మొదలుపెడుతున్నాను. ఆకలి పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, నిద్ర తగ్గుతుంది, మూడ్ మారొచ్చు. భయపడకండి.”

మూడ్ మారొచ్చు అన్న మాటని మేము పట్టించుకోలేదు. నెత్తురు ఆగితే చాలు అనుకున్నాం.

నలభై మిల్లీగ్రాముల డోస్. వారంలో నెత్తురు ఆగింది. పిల్ల లేచి తిరిగింది, కడుపునిండా తింది. డాక్టరు వారం వారం డోస్ తగ్గిస్తూ వచ్చారు. ఇరవైకి దిగేసరికి మళ్ళీ నెత్తురు కనిపించింది. “ఫ్లేర్ వచ్చింది, జబ్బు మళ్ళీ రాజుకుంది. మళ్ళీ నలభైకి వెళ్దాం,” అన్నారు. ఆ రెండో నలభై మా ఇంటిని విరగ్గొట్టింది.

లావణ్య మా ఇంటికొచ్చి ఆరేళ్ళు. గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. షాపులో యాభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా పోయేవాళ్ళ గురించి కూడా నవ్వుతూనే చెప్పేది. అలాంటిది ఒకరోజు మనవరాలు బుజ్జి అన్నం ఒలకబోసిందని కంచం ఎత్తి విసిరింది. అది బుజ్జి చెవి పక్క నుంచి వెళ్ళి ఫ్రిజ్ తలుపుకి సొట్ట పెట్టింది. ఇంకోరోజు కిటికీ కర్టెన్లు పట్టుకుని చింపింది. బయట తెలిస్తే పరువు తక్కువని మేము ఎవరికీ చెప్పలేదు, డాక్టరుకి కూడా. ముఖం చంద్రుడిలా గుండ్రంగా ఉబ్బిపోయింది, కళ్ళు మాత్రం ఎర్రగా, ఆరిపోయినట్టుండేవి. నిద్ర లేదు. ఉన్నచోట ఉండేది కాదు, ఇల్లంతా తిరుగుతూనే ఉండేది.

ఒక ఆదివారం వంటింట్లో రోట్లో పచ్చడి నూరుతోంది. దంచడం చూస్తే భయమేసింది. పచ్చడి ఎప్పుడో నలిగిపోయినా చెయ్యి ఆగడం లేదు.

“సాలమ్మా, నలిగిపోనాది. ఇటియ్యి,” అని చెయ్యి చాచాను.

పచ్చడి బండతో ఆ చేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నేను అరవకముందే జుట్టు పట్టుకుని నా తల గుమ్మానికేసి కొట్టింది, ఒకసారి కాదు. నెత్తురు కంట్లోకి దిగింది. శ్రీను పరుగున వచ్చి వెనక నుంచి పట్టుకున్నాడు. వాడి భుజం కొరికేసింది, చొక్కా మీదుగా కండ దాకా పళ్ళు దిగాయి. వాడు ఆ నొప్పికి చెంప మీద కొట్టాడు. పడింది, లేచింది, మళ్ళీ వాడి మీదికే వచ్చింది. పక్కింటివాళ్ళు వచ్చి పట్టుకుని గదిలోకి తోసి గడియ పెడితే, ఆ తలుపుని గడియ వంగిపోయేదాకా తన్నింది. బుజ్జి మంచం కింద దూరింది. పిలిచినా బయటికి రాలేదు.

నా చేతికి కట్టు కట్టించుకుని వచ్చేసరికి మా తమ్ముడు అప్పారావు దిగి ఉన్నాడు.

“అక్కా, ఇది రోగం కాదే. పట్టింది. కొండలకాడ ఒకడున్నాడు. ఏపమండల్తో వాయించీస్తే వదిలీస్తాది. బండి మాటాడీనా?”

“నా సెయ్యి ఇరిగింది గానీ నా బుర్ర ఇరగనేదు,” అన్నాను. “దాని మీద ఎవుడైనా సెయ్యేస్తే ముందు నన్ను దాటాల.”

ఆ మాట గదిలోకి వినబడినట్టుంది. అప్పటిదాకా ఉండుండి తలుపుని తన్నుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి తలుపు అవతల నేల మీద కూర్చుని లావణ్య ఏడవడం వినిపించింది.

“అత్తా, బుజ్జిని మా అమ్మోలింటికి పంపీయ్. నా సేతులు నా మాట ఇనడం నేదు. దాన్నేటి సేసీస్తానో నాకే తెల్దు.”

బుజ్జిని ఆ సాయంత్రమే నెల్లిమర్ల పంపేశాం. గడియ తీసి లోపలికి వెళ్తే నా కట్టు చూసి తన తలని గోడకేసి కొట్టుకోబోయింది. మంచి చేత్తో అడ్డం పెట్టాను.

పొద్దున్న లేచేసరికి మాత్రలు పెట్టే డబ్బా ఖాళీగా ఉంది. శ్రీనుని అడిగాను.

“ఈ మాత్రలొచ్చినకాడి నుంచే కదేటి ఇదంతా? గెడ్డలో కలిపీసినాను,” అన్నాడు. ఊరవతల పారే గెడ్డ వైపు చెయ్యి చూపించాడు. వాడి భుజానికి కూడా కట్టుంది. వాడు చెప్పింది నాకూ నిజమే అనిపించింది.

మర్నాడు లావణ్య మెత్తబడింది. పడుకుంది, నిద్రపోయింది. కోపం పోయిందని మేము పొంగిపోయాం. ఆ మెత్తదనం ఏమిటో ఆ తర్వాతి రోజు తెలిసింది. పొద్దున్నుంచి వాంతులు. నీళ్ళు కూడా ఇమడలేదు. ఒళ్ళు చల్లబడి చెమటలు కారాయి. మంచం దిగబోయి మొహం మీద పడిపోయింది. పెదవి చీలింది. లేపుతుంటే మెడ వాలిపోయింది. విజయనగరం దాకా అంబులెన్స్‌లో ఆమె చెంపలు కొడుతూనే ఉన్నాను.

ఎమర్జెన్సీలో బీపీ అందలేదు. నర్సులిద్దరు చెరో చెయ్యి పట్టుకుని నరం కోసం పొడుస్తున్నారు. ఎప్పుడూ చూసే డాక్టరు మా వైపు తిరిగి, “స్టెరాయిడ్ ఎవరు ఆపారు?” అని అరిచారు. మా జవాబు కోసం ఆగకుండానే నర్సుల వైపు తిరిగారు. “హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇవ్వండి, త్వరగా!”

సెలైన్లు, ఇంజెక్షన్లు ఎక్కాక, చాలాసేపటికి లావణ్య కళ్ళు కదిలాయి. అప్పుడు డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలిచారు.

“మనిషి ఒంట్లో రోజూ తయారయ్యే కార్టిసాల్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. ఇన్ని వారాలు మనం బయటి నుంచి ఇస్తుంటే లోపలి గ్రంథి పని మానేసింది. ఉన్నట్టుండి మీరు ఇదీ ఆపేస్తే ఇక ఆ ఒంట్లో ఏముంటుంది? ప్రాణం పోయేది!” నా చేతి కట్టు, శ్రీను భుజం చూశారు. “ఇదేమిటి?”

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇదంతా జరుగుతుంటే నాకొక్క ఫోన్ చెయ్యలేదే? కోపం కూడా స్టెరాయిడ్ సైడ్ ఎఫెక్టేనమ్మా. సైకియాట్రిస్ట్‌కి చూపించేవాణ్ని. డోస్ తగ్గించే దారి వెతికేవాణ్ని.”

అప్పుడు అసలు టేపరింగ్, అంటే మందుని మెట్టు మెట్టుగా తగ్గించడం, మొదలైంది. పేగు కోసం అజాథయోప్రిన్ అనే వేరే మందు చేర్చారు. సైకియాట్రిస్ట్ ఒక మాత్ర ఇచ్చారు. స్టెరాయిడ్ కొంచెం కొంచెంగా దించారు. పదికి వచ్చాక ఒక్కో మిల్లీగ్రామే. దించిన ప్రతిసారీ లావణ్యకి ఒళ్ళంతా రోకళ్ళతో కుమ్మినట్టుండేది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేక, “అత్తా, నన్ను నరికీయే, ఈ నొప్పి పడనేను,” అని పరుపు అంచు కొరికేది. దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్ళతో వచ్చేది. ఎన్నోసార్లు అదే మాత్ర కోసం మా కాళ్ళు పట్టుకుంది. “ఇంకొక్కటియ్యండి,” అని శ్రీనుని బతిమాలింది, తిట్టింది. వాడు ఇవ్వలేదు. ఈసారి డాక్టరు చెప్పింది తప్ప వాడు ఒక్క మాత్ర ఎక్కువా ఇవ్వలేదు, తక్కువా ఇవ్వలేదు.

ఏడాది తిరగకముందే ఆఖరి స్టెరాయిడ్ మాత్ర అయిపోయింది. పొద్దున్నే కార్టిసాల్ పరీక్ష చేసి, “గ్రంథి లేచింది,” అన్నారు డాక్టరు. ముఖం పాత ముఖం అయింది. బుజ్జి ఇంటికి వచ్చింది.

అయితే లావణ్య మాకు అప్పుడే దక్కలేదు. ఇంట్లో పిల్లిలా తిరిగేది. దేనికీ కాదనదు. కూర మాడినా, బుజ్జి పుస్తకం చింపినా నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది. తన చేతులంటే తనకే భయం. పైగా కాస్త గొంతు పెరిగితే చాలు, శ్రీను ముఖం తెల్లబోయేది. “ఒళ్ళు బాగునేదేటి? డాక్టరుకి ఫోన్ సెయ్యనా?” అనేవాడు. ఆమె మాట మింగేసేది.

మొన్న వేసవిలో షాపు యజమాని లావణ్యని మళ్ళీ పనికి రమ్మని కబురు పెట్టాడు. శ్రీను ఆమెని అడగకుండానే, రాదు అని చెప్పేశాడు. ఆ సంగతి అన్నం తింటుంటే తెలిసింది. లావణ్య ముద్ద కంచంలో వదిలేసింది.

“నన్నడక్కుండా నువ్వెవుడివి సెప్పడానికి?”

శ్రీను కంచం పక్కకి జరిపాడు. “లావణ్యా, నెమ్మది. మాత్రేసుకున్నావా?”

ఆమె లేచి నిలబడింది. ఎంగిలి చెయ్యి బల్ల మీద బలంగా చరిచింది. గ్లాసులు దొర్లాయి. బుజ్జి నా ఒళ్ళోకి వచ్చేసింది. శ్రీను కుర్చీ వెనక్కి తోసుకుని లేచిపోయాడు, చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

“కొట్టను. కూకో,” అంది లావణ్య. ఈసారి ఆ కళ్ళు తనవే. “అది మాత్రల కోపం. ఇది నాది. నాకు కోపమొస్తాది. మనిషినే కదా, నాకెందుకు రాదు? నా ఉద్యోగం సంగతి నన్నడగాల.”

శ్రీను నా వైపు చూశాడు.

“నాకేసి సూస్తావేట్రా? దానికి జవాబు సెప్పు,” అన్నాను.

వాడు ఫోన్ తీసి షాపు యజమానికి కలిపి, ఫోన్ ఆమె చేతికి ఇచ్చాడు.

ఇప్పుడు లావణ్య షాపుకి వెళ్తోంది. అజాథయోప్రిన్ వేసుకుంటూనే ఉంది, రక్తపరీక్షలు చేయించుకుంటూనే ఉంది. మధ్యలో ఒకసారి కాస్త నెత్తురు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకి చూపించింది, స్టెరాయిడ్ అవసరం లేకుండానే సర్దుకుంది. బుజ్జి మీద అరుస్తుంది, నా మీద విసుక్కుంటుంది, మొగుడితో పోట్లాడుతుంది. పోట్లాటయ్యాక అన్నం కూడా తింటుంది.

ఈ స్టెరాయిడ్ వాడే ఇళ్ళవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. నెత్తురు పడితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం, కోపం వస్తే మాత్రం పరువు తక్కువని తలుపులేసుకున్నాం. మీరలా చెయ్యకండి. మనిషి మారినట్టు కనిపించిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యండి, ఆయన చెప్పేదాకా ఒక్క మాత్ర కూడా ఆపకండి.