వానలో పడుగు

మా చిన్నప్పుడు... ముదలియార్‌పేటలో తెల్లవారేసరికి మా వీధి నిండా దారాలే. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే గుడ్డలో నిలువుగా ఉండే పోగులను, వీధి పొడవునా సాగదీసి, కొయ్యలకు కట్టి, గంజి పట్టించి ఆరబెట్టేవాళ్లు. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు... ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక చెయ్యి వేసేవాళ్లు.

ఒక ఏడు దీపావళికి ముందు మాకు ఒక్క పడుగే ఆధారం. అది చెడితే నూలిచ్చిన కొట్టాయన మళ్లీ ఇవ్వడు. మగ్గం ఆగిపోతుంది.

గంజి ఇంకా ఆరలేదు... సముద్రం వైపు నుంచి వాన దిగింది. అమ్మ, చిన్నాన్న, నేను కొయ్యల దగ్గరికి పరిగెత్తాం.

"ఉరకబాకండి" అన్నాడు నాయన. "తడిస్తే మళ్లీ గంజి పెట్టుకోవచ్చు. చిక్కుపడితే ఇంక దేనికీ పనికిరాదు. బిగువు వదలకుండా మెల్లిగా రాండి."

ఆయన ఒక కొస నుంచి చుడుతుంటే, మేము రెండో కొస పట్టుకుని వానలో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాం. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

ఎదురింటి సరోజత్త తిన్నె మీద నిలబడి నవ్వింది. "ఏంది అన్నా, పెండ్లి ఊరేగింపు యాడికి?"

"మా ఇంటికే తల్లీ. పెండ్లికూతురు సిగ్గరి, బిరాన నడవదు."

కాసేపటికి అత్త కూడా కొంగు నెత్తిన వేసుకుని దిగి, ఒక పక్క పట్టుకుంది.

గంజి అంతా కొట్టుకుపోయింది. రాత్రి అన్నానికని ఉంచిన బియ్యంతోనే అమ్మ మళ్లీ కాచింది. "ముందు నూలు తిననీ, తర్వాత మనం" అంది.

మర్నాడూ వానే... మళ్లీ చుట్టాం. నాయన ఆకాశాన్ని తిట్టగా నేను వినలేదు. బాధ లేదని కాదు, వాన పట్టిన ఆ నాలుగు రోజులూ బీడీలు మాత్రం ఎక్కువ కాల్చాడు.

ఎండ వచ్చాక పడుగు మగ్గమెక్కింది. నేసిన గుడ్డ చూసి, ఒకచోట రంగు వెలిసిందని కొట్టాయన గొణిగాడు. గొణుగుతూనే కొత్త నూలు తీసిచ్చాడు. నాయన మూట భుజాన వేసుకుని, "ఇదెప్పుడు తడుస్తుందో" అన్నాడు... మామూలుగానే.

ఇప్పుడు ఆ వీధి నిండా మోటార్ సైకిళ్లు. రేపటి వాన ఇవాళే ఫోన్లో తెలిసిపోతోంది. కంగారు మాత్రం తగ్గినట్టు లేదు...

చేతిలో పని చెడిపోయిన రోజు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమనేవాళ్లు? గుర్తుంటే రాయండి, చదువుతాను.