మా కాలనీ గురించి ఒక్క వాక్యం

ఒక పార్లమెంటు ఎన్నికల ముందు నేను సర్వే పనికి కుదిరాను. జహీరాబాద్ సీటులో ఏ ఊరు ఎటువైపుందో, ఏ కులంవాళ్లు ఏమనుకుంటున్నారో ఒక పార్టీకి తేల్చి చెప్పడం కంపెనీ పని. ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపడం మా పని. డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఏళ్లతరబడి ఇంట్లోనే ఉన్నదాన్ని. మెడలో కార్డు పడేసరికి నా నడకే మారిందని మా ఆయన నవ్వాడు.

కోహీర్ పల్లెలు, న్యాల్‌కల్ పల్లెలు అయ్యాక చివరికి మా కాలనీ వంతొచ్చింది. మాది జహీరాబాద్ ఊరి అంచున, హైవే పక్కన ప్లాట్లు చేసి అమ్మిన జాగా. ఫ్యాక్టరీ పనివాళ్లు, లారీ డ్రైవర్లు, చిన్న దుకాణాలవాళ్లు ఉంటాం. సూపర్‌వైజర్ హోటల్లో చాయ్ తాగుతూ ఫారాల కట్ట నా ముందుకు తోశాడు.

"ఇది తిరుగుడు అవసరం లేదు మేడమ్. ఈడనే కూసోని నింపున్రి. అది సేఫ్ కాలనీ, అందరు ఒక్కదిక్కే."

"నేనుండేది అండ్లనే సార్."

"గింకేం మరి, ఇంక అల్కగ అయితది."

ఒళ్లు మండింది. కట్ట సంచిలో పెట్టుకొని, "తిరిగే నింపుత" అని లేచాను.

మొదట పక్కింటి ఆపా దగ్గరికి పోయాను. ఆమె బ్లౌజులు కుడుతుంది. ఓటెవరికని అడిగితే మిషన్ ఆపి నన్ను తేరిపార చూసింది.

"ఇన్నేండ్లల్ల ఈ మాట నన్నెవరు అడగలే బేటీ. నా బుర్ఖా చూసి వాళ్లే రాసుకుంటరు."

"అందుకే అడుగుతున్న ఆపా."

"అయితే ఇంక తేల్చుకోలే అని రాయి. ముందు ఈ మోరీ సంగతి చెప్పమను."

ఆమె గడప ముందు మోరీ పొంగి మురుగు నిలిస్తే, దాటడానికి రెండు రాళ్లు వేసుకుంది. అదీ రాశాను. వెనక గల్లీలో ఒక డ్రైవర్ ఒక గుర్తు చెప్తే, లోపల్నుంచి అతని భార్య వచ్చి ఇంకో గుర్తు చెప్పింది. ఇద్దరికీ చెరో ఫారం నింపాను.

మా ఇంట్లో మా ఆయన చెప్పులు విప్పుతూనే అన్నాడు. "మన మూడు ఓట్లు ఒక్కదానికే రాయి."

అత్తమ్మ అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. చాట పక్కన పెట్టింది.

"నీది నువ్వు చెప్పుకో. నాకు నోరుంది."

"నువ్వు ఎప్పటికి గదానికే కదనే అమ్మా ఏసేది."

"మీ నాయిన గూడ గట్లనే అనుకున్నడు. ఆయన చెప్పినదాని మీద నేనొక్కసారి గూడ ఒత్తలే."

మా ఆయన చెప్పు చేతిలో పట్టుకొని అట్లే నిలబడ్డాడు. మామయ్య పోయి అప్పటికి చాలా ఏళ్లు. ఆమె ఏ గుర్తు చెప్పిందో నేను రాశాను కానీ ఇక్కడ చెప్పను. అది ఆమెది.

మూడు రోజుల్లో కట్ట పూర్తిచేసి ఇచ్చాను. సూపర్‌వైజర్ నాలుగు కాగితాలు తిరగేసి మొహం ముడుచుకున్నాడు. మరుసటి రోజు కొత్త కట్ట తెచ్చాడు. అన్నీ ఆయనే నింపాడు, అన్నీ ఒకే తీరుగా. కింద నా సంతకం కావాలన్నాడు.

"పెట్టను సార్."

"మీ ఒక్క కాలనీతోని సీటు అటిటు అయితదా మేడమ్?"

"కాకపోవచ్చు. కానీ మా అత్త చెప్పిన మాట అబద్ధమని నేనెట్ల సంతకం పెడత?"

కార్డు ఇచ్చేయమన్నాడు. తీసి టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. తప్పు చేశానని అనిపించలేదు.

వారం తర్వాత నాతో పనిచేసినామె ఒకరు ఫోన్లో ఆ రిపోర్టు చూపించింది. మా కాలనీకి ఒక్కటే వాక్యం ఉంది: సేఫ్, ప్రచారం అవసరం లేదు. ఆ సాయంత్రమే ఆపా వరండాలో ఆడవాళ్లను కూచోబెట్టి చదివి వినిపించాను.

"వాళ్లు రారంట. మనమే పోదం," అంది ఆపా.

చిరాగ్‌పల్లి దిక్కు మీటింగు ఉందని తెలిసి రెండు ఆటోల్లో పోయాం. సర్వే చేయించిన పార్టీ అభ్యర్థి కారెక్కబోతుంటే అత్తమ్మ అడ్డం నిలబడింది.

"ఓటు అడగనీకి మా ఇంటికి నువ్వు రాకపోతివి. అందుకే మేమే వచ్చినం. ఇప్పుడు అడుగు."

ఆయన వెనకున్నవాళ్ల వైపు చూశాడు. వాళ్లు నేల చూపులు చూశారు. ఆయన చేతులు జోడించి అడిగాడు. "ఆలోచిస్తం," అంది అత్తమ్మ.

రెండు రోజులకు ఆయన మా గల్లీకి వచ్చి, రాళ్ల మీద కాలేసి మోరీ దాటి, పావుగంట ఉండి పోయాడు. సీటు అందరూ అనుకున్నట్టే తేలింది. మోరీ ఇప్పటికీ పొంగుతూనే ఉంది.

మేం మాత్రం మోరీ కోసం నెలనెలా మున్సిపల్ ఆఫీసుకు పోయి అర్జీ ఇస్తున్నాం. "మళ్లొచ్చిన్రా?" అంటాడు అక్కడి గుమాస్తా.

"అయ్యేదాంక వస్తం," అంటూ ఆపా కుర్చీ లాక్కొని కూచుంటుంది.